బ్యాలస్ట్ నీళ్లు ఎక్కించే దగ్గర నుంచి వదిలే దాకా: ఓడ మీద ఈ పని కొత్తగా చేతికొచ్చిన వాళ్లకి

విశాఖ ఇన్నర్ హార్బర్‌లో చాలాకాలంగా కదలని బోటు అడుగునో, జెట్టీ స్తంభాన్నో గీకితే గోరంత ఆల్చిప్పలు గుత్తులు గుత్తులుగా ఊడొస్తాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నాం కాబట్టి మనవే అనుకుంటాం గానీ అవి మనవి కావు. మైటిలాప్సిస్ సాల్లీ అంటారు శాస్త్రవేత్తలు, సొంతూరు కరీబియన్ వైపు. మన హార్బర్‌లో మొదట కనబడింది 1967లో, ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు దాని మీద పేపరు కూడా రాశారు. ఓడ అడుగున అంటుకుని వచ్చిందా, ఓడ నిలకడ కోసం ట్యాంకుల్లో పట్టే బ్యాలస్ట్ నీళ్లలో పిల్లగా ఉన్నప్పుడు వచ్చిందా అంటే తేల్చి చెప్పడం కష్టం, రెండు దారులూ తెరిచే ఉన్నాయి అప్పట్లో. 1999లో ఇదే ఆల్చిప్ప ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో దొరికితే వాళ్లు మూడు మెరీనాలు మూసేసి, క్లోరిన్, కాపర్ సల్ఫేట్ పోసి, ఆ నీళ్లలో ఉన్న ప్రాణులన్నిటినీ చంపి మరీ వదిలించుకున్నారు. ఆ మెరీనాలకి గేట్లు ఉన్నాయి కాబట్టి కుదిరింది. విశాఖకి గేటు ఎక్కడ పెడతాం?

ఇది రాస్తున్నది ముఖ్యంగా ఓడ మీద ఆఫీసర్లుగా, అంటే థర్డ్ మేట్, సెకండ్ మేట్‌గా ఉండి రేపో మాపో చీఫ్ మేట్ అయ్యే మన కుర్రాళ్ల కోసం, క్యాడెట్ల కోసం. క్లాసులో కన్వెన్షన్ పేరు, తేదీ బట్టీ పట్టిస్తారు, ఓడెక్కాక పంపు ఎప్పుడు ఆన్ చేయాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. నేను మేట్‌గా ఉన్నన్నాళ్లూ పడ్డ టెన్షన్‌లో సగం ఈ నీళ్ల వల్లే. అందులో నాకు అర్థమైంది ఒక్కటే: నీళ్లు వదిలే పోర్టులో మనల్ని పట్టుకుంటారు కాబట్టి అందరం అక్కడే జాగ్రత్త పడతాం, కానీ తప్పు దాదాపు ఎప్పుడూ నీళ్లు ఎక్కించిన పోర్టులోనే జరిగిపోయి ఉంటుంది.

అసలు గొడవేంటి

సరుకు దింపేశాక ఓడ తేలికైపోతుంది, ప్రొపెల్లర్ సగం పైకొస్తుంది, గాలికి నిలవదు. అందుకే ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్లు పట్టుకుంటాం. బొగ్గు దింపిన భారీ కేప్‌సైజ్ ఓడ 50 వేల టన్నుల దాకా పడుతుంది. ఆ నీళ్లతో పాటు చేపగుడ్లు, పీతపిల్లలు, ఆల్చిప్ప పిల్లలు, నాచు, బ్యాక్టీరియా అన్నీ టికెట్ లేకుండా ఎక్కుతాయి, సరుకు ఎక్కించే పోర్టులో దిగిపోతాయి. చాలావరకు చచ్చిపోతాయి, నిజమే. బతికిన ఏ ఒక్కదానికో అక్కడ శత్రువు లేకపోతే ఇక చూసుకోండి.

1980ల మొదట్లో అమెరికా తీరపు దువ్వెన జెల్లీ ఒకటి ఇలాగే నల్ల సముద్రంలోకి దిగింది. ఆ దశాబ్దం చివరికి చేపపిల్లల తిండినీ, చేపగుడ్లనీ తినేసి, అసలే అతివేటతో నీరసించిన ఆంకోవీ చేపల వేటని కుప్పకూల్చింది. 1988లో ఉత్తర అమెరికా పెద్ద సరస్సుల్లో జీబ్రా ఆల్చిప్పలు కనబడ్డాయి, పవర్ ప్లాంట్ల పైపులు, ఊళ్లకి నీళ్లు తోడే పైపులు మూసుకుపోయేంతగా పెరిగాయి. 1991లో దక్షిణ అమెరికాలో కలరా వచ్చినప్పుడు అదే రకం బ్యాక్టీరియా మెక్సికో గల్ఫ్‌కి వచ్చిన ఓడల బ్యాలస్ట్‌లో దొరికింది. అంటే ఇది చేపలు పట్టుకునే వాళ్ల గొడవ మాత్రమే కాదు.

రూలు, ఐదు నిమిషాల్లో

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, మనం ఐఎంఓ అంటాం కదా, 2004 ఫిబ్రవరిలో బ్యాలస్ట్ వాటర్ కన్వెన్షన్ ఒప్పుకుంది. కనీసం 30 దేశాలు, వాటి చేతిలో ప్రపంచ ఓడల టన్నేజీలో 35 శాతం ఉంటేనే అమల్లోకి వస్తుందని షరతు. ఆ లెక్క కుదిరేసరికి 2017 సెప్టెంబర్ 8 వచ్చింది. పదమూడేళ్లు! అందులో రెండు ప్రమాణాలు. డీ-1 అంటే నడిసముద్రంలో నీళ్లు మార్చడం (ఎక్స్ఛేంజ్), కనీసం 95 శాతం మారాలి. డీ-2 అంటే వదిలే నీళ్లలో బతికున్నవి ఎన్ని ఉండొచ్చో లెక్క. 2024 సెప్టెంబర్ 8 నుంచి కన్వెన్షన్ కిందికి వచ్చే ఓడలన్నిటికీ డీ-2నే.

డీ-2 లెక్క ఎంత కఠినమో అంకెల్లో చూస్తే తెలీదు, డ్రమ్ముల్లో చూడండి. 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందం కంటే కాస్త తక్కువ, అంతకు మించిన ప్రాణులు ఘనపు మీటరుకి 10 లోపే ఉండాలి. ఘనపు మీటరు అంటే ఐదు 200 లీటర్ల డ్రమ్ములు. ఐదు డ్రమ్ముల హార్బరు నీళ్లలో పది పురుగులు కూడా ఉండకూడదన్నమాట. 10 నుంచి 50 మైక్రాన్ల మధ్యవి మిల్లీలీటరుకి 10 లోపు. కలరా బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లకి 1 కాలనీ లోపు, ఈ-కోలై 250 లోపు, ఎంటరోకోకై 100 లోపు.

అమెరికా ఈ కన్వెన్షన్‌లో లేదు. వాళ్ల కోస్ట్‌గార్డ్‌కి సొంత రూల్సు, సొంత టైప్ అప్రూవల్ (నీళ్లని శుద్ధి చేసే మెషీన్ మోడల్‌కి ఇచ్చే ఆమోదం). ఐఎంఓ లెక్క 'పిల్లలు పెట్టగలిగే స్థితిలో ఉందా' అని చూస్తే వాళ్లు 'ప్రాణంతో ఉందా' అని చూస్తారు. యూవీ (అల్ట్రావయొలెట్) కాంతితో నీళ్లని శుద్ధి చేసే సిస్టమ్ ఉన్న ఓడలకి ఈ తేడా చాలా పెద్దది, ఎందుకంటే యూవీ తగిలిన జీవి వెంటనే చావదు, పిల్లలు పెట్టలేకపోతుంది అంతే. అందుకే అదే మెషీన్‌కి అమెరికా వెళ్లేటప్పుడు వేరే మోడ్, వేరే ఫ్లో, ఒక్కోసారి నీళ్లని ట్యాంకులో కనీసం ఇన్ని గంటలు ఉంచాలనే షరతు ఉంటాయి. మీ సర్టిఫికెట్‌లో ఏముందో చదవండి, పక్క ఓడ వాడు చెప్పింది కాదు.

మొదటి పని: లైన్లు కాళ్లతో తిరిగి చూడండి

జాయినైన మొదటి వారంలో మూడు కాగితాలు చేతిలోకి తీసుకోండి. బ్యాలస్ట్ వాటర్ మేనేజ్‌మెంట్ ప్లాన్, రికార్డు బుక్, 400 గ్రాస్ టన్నేజీ పైబడిన ఓడలకైతే అంతర్జాతీయ సర్టిఫికెట్, దాని గడువు మామూలుగా ఐదేళ్లు. ప్లాన్‌లో బాధ్యత ఎవరిదో రాసి ఉంటుంది, ఆ పేరు మీదేనా అని చూసుకోండి. పేరు పాత మేట్‌దే ఉండిపోవడం నేను రెండు ఓడల్లో చూశాను.

తర్వాత పైపింగ్ డయాగ్రమ్ పట్టుకుని పంప్‌రూమ్‌కి వెళ్లండి. సీ చెస్ట్ (ఓడలోకి సముద్రపు నీళ్లు వచ్చే పెట్టె) నుంచి పంపు, పంపు నుంచి ఫిల్టర్, ఫిల్టర్ నుంచి యూవీ చాంబరో క్లోరిన్ యూనిటో, అక్కడి నుంచి ట్యాంకు. ఈ దారిలో ట్రీట్‌మెంట్ తప్పించి నీళ్లు పంపే బైపాస్ వాల్వ్ ఎక్కడుంది, దానికి సీలు ఉందా, తెరిస్తే కంట్రోల్ ప్యానెల్‌లో అలారం నమోదవుతుందా? బల్క్ క్యారియర్ (బొగ్గు, ఖనిజం లాంటివి మోసే ఓడ) అయితే ఇంకొకటి: టాప్‌సైడ్ ట్యాంకుల నుంచి నేరుగా సముద్రంలోకి దూకే వాల్వులు. పంపు లేకుండా గ్రావిటీతోనే ఖాళీ అవుతాయి కాబట్టి తొందరలో అందరికీ ఇష్టం, కానీ అలా వదిలితే నీళ్లు ట్రీట్‌మెంట్ సిస్టమ్ మొహం చూడకుండా బయటికి పోతాయి. వదిలేటప్పుడు రెండోసారి యూవీ కావాల్సిన సిస్టమ్‌కి, క్లోరిన్ విరగ్గొట్టాల్సిన సిస్టమ్‌కి ఇది నేరుగా ఉల్లంఘన. ఆ వాల్వులకి సీలు వేసి నంబరు రాసుకోండి.

రెండో పని: ఎక్కించే ముందు నీళ్ల మొహం చూడండి

సిస్టమ్ ఎంత ఖరీదైనదైనా బురద పంపిస్తే బురదే వస్తుంది. ఒకసారి ఒక నదీముఖ పోర్టులో, ఆటు సమయంలో, పక్కనే డ్రెడ్జర్ తవ్వుతుండగా మేం బ్యాలస్ట్ మొదలెట్టాం. మా బోసన్ (డెక్ సిబ్బందికి పెద్ద) శ్రీకాకుళం ఆయన, ఓడ పక్క నుంచి బకెట్ వేసి తోడి నాకు చూపించి, "సార్, ఇవి నీళ్లా, టీయా?" అన్నాడు. నేను నవ్వి పంపు ఆపలేదు. ఇరవై నిమిషాల్లో ఫిల్టర్ తనని తాను కడుక్కునే బ్యాక్‌ఫ్లష్ ఆగకుండా కొట్టుకోవడం మొదలెట్టింది, గంటకి 800 ఘనపు మీటర్లు లాగాల్సింది 200కి పడిపోయింది, పైన గ్రాబులు బొగ్గు తీస్తూనే ఉన్నాయి, ఓడ పైకి తేలిపోతోంది, టెర్మినల్ వాళ్లు డ్రాఫ్టు (ఓడ నీళ్లలో మునిగిన లోతు) గురించి ఫోన్లు. అప్పటి నుంచి బకెట్ టెస్ట్ నా చెక్‌లిస్టులో మొదటి లైను.

వీలైనంతవరకు ఎక్కడ, ఎప్పుడు పట్టకూడదంటే: డ్రెడ్జింగ్ జరిగే చోట, మురుగు కాలువ కలిసే చోట, నీళ్లు ఎర్రగానో పచ్చగానో తిరిగినప్పుడు, బాగా లోతు తక్కువ ఉన్నప్పుడు, టగ్గులు ప్రొపెల్లర్లతో అడుగు లేపేస్తున్నప్పుడు. రాత్రి కూడా మంచిది కాదు, పగలు లోతున ఉండే ప్లవకాలు చాలావరకు చీకటి పడ్డాక పైకొస్తాయి. ఇదంతా చదివి మీరు నవ్వుతారని తెలుసు. బెర్త్‌లో సరుకు దింపుతుంటే రాత్రి వద్దు, ఆటు వద్దు అని ఎవడు ఆగుతాడు? ఆగలేరు. కానీ చేయగలిగినవి మూడున్నాయి. కింది సీ చెస్ట్ కాకుండా పై సీ చెస్ట్ నుంచి లాగండి, బురద తగ్గుతుంది. ఎయిర్ డ్రాఫ్ట్‌కీ (నీళ్ల పైన ఓడ ఎత్తు), స్ట్రెంగ్త్‌కీ, ప్రొపెల్లర్ మునగడానికీ ఎంత కావాలో అంతే బెర్త్‌లో పట్టి, మిగతాది బయట లోతు నీళ్లలో పట్టేలా ఓడ బరువు లెక్కలు వేసే లోడికేటర్‌లో ముందే ప్లాన్ వేయండి. పోటు నీళ్లు శుభ్రంగా ఉంటాయి, పెద్ద ట్యాంకులు పోటులో వచ్చేలా వరస మార్చండి. నదీముఖాల్లో ఈ ఒక్క మార్పు ఫిల్టర్‌ని కాపాడుతుంది.

పోర్టు వాళ్లు ఫలానా చోట నీళ్లు పట్టొద్దని హెచ్చరిక ఇస్తే ఏజెంట్ దాన్ని మెయిల్‌లో ఎక్కడో అడుగున పెడతాడు. అడిగి తెప్పించుకోండి.

మూడో పని: మెషీన్ నడుస్తున్నప్పుడు ఏం చూడాలి

చాలా ఓడల్లో రెండే రకాలు కనబడతాయి. ఒకటి ఫిల్టర్ ప్లస్ యూవీ. ఫిల్టర్ సాధారణంగా 40, 50 మైక్రాన్ల జాలి, పెద్దవాటిని ఆపుతుంది, మిగతావాటి డీఎన్ఏని యూవీ దెబ్బతీస్తుంది. దీనికి నీళ్లు కాంతిని ఎంత లోపలికి పోనిస్తాయన్నదే ప్రాణం. బురద నీళ్లలో కాంతి పోదు, అప్పుడు మెషీన్ ల్యాంపుల పవర్ పెంచుతుంది, చాలకపోతే ఫ్లో తగ్గిస్తుంది, అదీ చాలకపోతే ఆగిపోతుంది. ల్యాంపులు వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఓడకి పోర్టు దారి చూపే పైలట్ దిగిపోతుంటే ఆన్ చేస్తే లాభం లేదు. క్వార్ట్‌జ్ గొట్టాల మీద పేరుకునే పొర తుడవడం మర్చిపోతే శుభ్రమైన నీళ్లలో కూడా ఇదే గతి.

రెండోది ఎలక్ట్రో క్లోరినేషన్. ఉప్పునీళ్లలో కరెంటు పంపి అక్కడికక్కడే క్లోరిన్ తయారుచేస్తుంది. అందుకే ఉప్పు లేని చోట పని చేయదు, బాగా చల్లటి నీళ్లలోనూ నీరసపడుతుంది. నది పోర్టుకి వెళ్లే ముందు చాలా ఓడలు ఓడ వెనక కొసన ఉండే ఆఫ్ట్ పీక్ ట్యాంకులో శుభ్రమైన సముద్రపు నీళ్లు నిల్వ చేసుకుని, యూనిట్‌కి అవి పంపిస్తాయి. హల్దియా వెళ్లేటప్పుడు ఆ ట్యాంకు ఖాళీగా ఉందని హుగ్లీలోకి వచ్చాక గుర్తొస్తే ఇక చేసేదేం లేదు. బంగాళాఖాతంలో ఉండగానే నింపాలి. ఇంకో సంగతి, ఈ ప్రక్రియలో హైడ్రోజన్ పుడుతుంది. దాన్ని బయటికి తోసే ఫ్యాను, గ్యాస్ డిటెక్టర్ పని చేయకపోతే యూనిట్ ఆన్ చేయొద్దు, తొందర ఎంతున్నా సరే.

క్లోరిన్ లెక్క చూపించే టీఆర్ఓ సెన్సర్‌కి రీఏజెంట్ (పరీక్ష మందు) అవసరం, దానికి ఎక్స్‌పైరీ ఉంటుంది. ఈ సిస్టమ్ ఆగిపోవడానికి నేను చూసిన కారణాల్లో చిన్న సీసాలో మందు అయిపోవడమే మొదటిది. వంద రోజుల ముందే ఆర్డర్ పెట్టండి.

నాలుగో పని: మెషీన్ వల్ల కానప్పుడు

కొన్ని పోర్టుల్లో నీళ్లు ఎంత చెత్తగా ఉంటాయంటే మంచి మెషీన్ కూడా చేతులెత్తేస్తుంది. ఐఎంఓ దీన్ని గుర్తించి 2024లో మధ్యంతర మార్గదర్శకాలు ఇచ్చింది. సారాంశం ఇది: ముందు మెషీన్‌తోనే ప్రయత్నించాలి, ఫ్లో తగ్గించి, ఫిల్టర్ కడిగి. అప్పటికీ ఓడ భద్రతకో, సరుకు పని ఆగిపోయేదాకానో వస్తేనే బైపాస్. బైపాస్ చేసిన ట్యాంకులు ఆ క్షణం నుంచి మురికి ట్యాంకులు, వాటిని విడిగా గుర్తుపెట్టుకుని, నడిసముద్రంలో పాత నీళ్లు మార్చి, కొత్త నీళ్లని ట్రీట్ చేస్తూ పట్టాలి. అప్పుడే ఆ ట్యాంకు మళ్లీ డీ-2 కిందికి వస్తుంది. ఇదంతా మీ ప్లాన్‌లో ముందే రాసి ఉండాలి, బైపాస్ చేశాక రాసుకోవడం కుదరదు.

అంటే డీ-2 వచ్చేసింది కాబట్టి ఎక్స్ఛేంజ్ ఎలా చేయాలో మర్చిపోవచ్చు అనుకోవద్దు.

ఐదో పని: నడిసముద్రంలో నీళ్లు మార్చడం

తీరానికి 200 నాటికల్ మైళ్ల దూరం, 200 మీటర్ల లోతు. కుదరకపోతే వీలైనంత దూరం, ఎట్టి పరిస్థితుల్లోనూ 50 మైళ్లకి తక్కువ కాకుండా, లోతు అదే 200 మీటర్లు. దీని కోసం దారి మళ్లించాల్సిన పనిలేదు, ఆలస్యం చేసుకోవాల్సిన పనీ లేదు, కానీ ఎందుకు చేయలేదో రాయాలి.

పద్ధతులు మూడు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి నింపడం ఒకటి. ఖాళీ చేయకుండా కింద నుంచి కొత్త నీళ్లు తోస్తూ పైనుంచి పొర్లించడం రెండోది, దీనికి ట్యాంకు పరిమాణానికి మూడింతల నీళ్లు పంపాలి. పైనుంచి పోస్తూ కింద నుంచి తీసేయడం మూడోది, దీనికి పైపింగ్ ఉన్న ఓడలే చేయగలవు, దీనికీ మూడింతలే.

టైమ్ లెక్క వేసే అలవాటు చేసుకోండి. సింగపూర్ వైపు నుంచి విశాఖకి ఇనుప ఖనిజం ఎక్కించడానికి ఖాళీగా వస్తున్నారనుకుందాం. మలక్కా జలసంధిలో లోతు లేదు, నికోబార్ దాటాక కూడా అండమాన్ దీవులు 200 మైళ్లలోపే ఉంటాయి, చార్టు మీద డివైడర్ పెట్టి కొలిస్తే అటు అండమాన్‌కీ ఇటు మన తీరానికీ రెండింటికీ 200 మైళ్లు మించిన ముక్క దారిలో 250 మైళ్లకి అటూ ఇటూ దొరుకుతుంది. 12 నాట్ల వేగంతో 21 గంటలు. మీకు 1,200 ఘనపు మీటర్ల ట్యాంకులు పది ఉన్నాయి, పంపు గంటకి 800. ఒక్కో ట్యాంకుకి 3,600 ఘనపు మీటర్లు, అంటే నాలుగున్నర గంటలు. ఒక పంపుతో పదింటికీ 45 గంటలు. రెండు పంపులూ ఒకేసారి రెండు ట్యాంకులకి పెట్టినా ఇరవై రెండున్నర. గంటన్నర తక్కువ పడింది! కాబట్టి అన్ని ట్యాంకులూ కాకుండా మురికివి ముందు చేయాలి, లేదా వేగం కాస్త తగ్గిస్తామని కెప్టెన్‌తో, కంపెనీతో ముందే మాట్లాడాలి, లేదా చివరి ట్యాంకులకి 50 మైళ్ల నిబంధన వాడుకుని కారణం రాయాలి. ఈ లెక్క సింగపూర్‌లో ఉండగా వేస్తే ప్లానింగ్, అండమాన్ దాటాక వేస్తే సంజాయిషీ.

భద్రత విషయం తేలిగ్గా తీసుకోకండి. 2006 జులైలో జపాన్ నుంచి కెనడా వెళ్తున్న కౌగర్ ఏస్ అనే కార్ల ఓడ అల్యూషియన్ దీవుల దక్షిణాన బ్యాలస్ట్ మారుస్తుండగా 60 డిగ్రీలు ఒరిగిపోయింది. అందులో 4,700కి పైగా మజ్డా కార్లు. 23 మంది సిబ్బందినీ రక్షించారు, కార్లు చివరికి తుక్కయ్యాయి. ఖాళీ చేసి నింపే పద్ధతిలో ప్రతి దశకీ జీఎం (ఓడ నిలకడకి కొలత), ఓడ శరీరం మీద పడే షియర్ ఫోర్స్, బెండింగ్ మూమెంట్, ముందు డ్రాఫ్ట్, ప్రొపెల్లర్ మునిగిందా లేదా చూడాలి. మొదలుకీ చివరికీ మాత్రమే లెక్కేసి మధ్యలో వదిలేయడమే ప్రమాదం, సగం నిండిన రెండు ట్యాంకుల ఫ్రీ సర్ఫేస్ (అటూ ఇటూ ఊగే నీళ్లు) నిలకడని ఎంత తింటుందో ఆ మధ్యలోనే తెలుస్తుంది. పొర్లించే పద్ధతిలో ఎయిర్ వెంట్లు మూసుకుపోయి ఉంటే ట్యాంకు ఉబ్బుతుంది, డెక్కు ప్లేట్లు వంగుతాయి. ముందు వెంట్ హెడ్‌లు విప్పించి లోపలి బంతి కదులుతోందో లేదో చేత్తో చూడండి. వాతావరణం బాగోకపోతే కెప్టెన్ ఆపేయొచ్చు, ఆ హక్కు కన్వెన్షనే ఇచ్చింది.

ఆరో పని: వదలడం

ఎక్కించేటప్పుడు సరిగ్గా చేసుంటే ఇది సులువు. యూవీ అయితే ఫిల్టర్ పక్కనపెట్టి ఇంకోసారి ల్యాంపుల మధ్య నుంచి పంపాలి. క్లోరిన్ అయితే మిగిలిన ఘాటు సోడియం థయోసల్ఫేట్‌తోనో బైసల్ఫైట్‌తోనో విరగ్గొట్టి వదలాలి, చాలా సిస్టమ్స్‌లో హద్దు లీటరుకి 0.1 మిల్లీగ్రాము. విదేశీ పురుగుని చంపి, క్లోరిన్ పోసి ఊరి చేపని చంపితే ఏం లాభం, అందుకే ఈ హద్దు. రావడానికి ముందు పోర్టుకి బ్యాలస్ట్ రిపోర్ట్ ఫారం పంపాలి, దాంట్లో అంకెలు రికార్డు బుక్‌లోవే ఉండాలి, ఏజెంట్‌కి పాత ట్రిప్పు ఫారం ఫార్వర్డ్ చేసేసి ఊరుకోవద్దు.

ఏడో పని: అడుగున మిగిలే బురద

నీళ్లు పోయాక ట్యాంకు అడుగున ఫ్రేముల మధ్య మెత్తటి బురద ఉండిపోతుంది. విషపు నాచులు కొన్ని గట్టి పెంకు కట్టుకుని అందులో ఏళ్ల తరబడి నిద్రపోగలవు, కొత్త నీళ్లు తగలగానే లేస్తాయి. ఆస్ట్రేలియాలో ఆల్చిప్పలని విషం చేసే ఎర్రనాచు గొడవ తర్వాతే ఈ బురద మీద ప్రపంచం దృష్టి పడింది. డ్రైడాక్‌లో తీయించడం ఉత్తమం. దారిలో తీయాల్సి వస్తే ప్లాన్‌లో చెప్పినట్టు, తీరానికి దూరంగా.

ట్యాంకులోకి దిగే ముందు మాత్రం ఒక్క మాట వినండి. మూసి ఉన్న బ్యాలస్ట్ ట్యాంకులో తుప్పు ఆక్సిజన్‌ని తినేస్తుంది. చూడ్డానికి ఖాళీగా, వాసన లేకుండా ఉంటుంది. దిగినవాడు పడిపోతే కాపాడటానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు, ఓడల మీద ఇలా పోయినవాళ్ల కథలు అన్ని భాషల్లోనూ ఉన్నాయి. గాలి ఆడించండి, పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా కొలవండి, 20.9 శాతం కనబడాలి, పర్మిట్ రాయండి, మ్యాన్‌హోల్ దగ్గర మనిషిని కూర్చోబెట్టండి. ఆ మనిషికి టీ తాగి రావడానికి కూడా అనుమతి లేదు.

ఎనిమిదో పని: రికార్డు బుక్

పట్టుబడే ఓడల్లో ఎక్కువ భాగం నీళ్ల వల్ల కాదు, ఈ పుస్తకం వల్లే. 2025 ఫిబ్రవరి 1 నుంచి కొత్త ఫార్మాట్ వచ్చింది, ఏ పనికి ఏ అక్షరం కోడో స్పష్టంగా విడగొట్టారు. పాత పుస్తకం మిగిలిపోయిందని అందులోనే రాస్తూ పోవద్దు. ఎప్పుడు, ఎక్కడ, లాటిట్యూడ్ లాంగిట్యూడ్, ఏ ట్యాంకు, ఎన్ని ఘనపు మీటర్లు, ట్రీట్ చేశారా, ఎవరి సంతకం. ప్రతి ఎంట్రీకీ ఆఫీసర్ సంతకం, ప్రతి పేజీకీ కెప్టెన్ సంతకం. చివరి ఎంట్రీ తర్వాత రెండేళ్లు ఓడ మీద, ఆ తర్వాత మూడేళ్లు కంపెనీ దగ్గర ఉండాలి.

నా సొంత తలనొప్పి ఒకటి చెప్తాను. ఒక పోర్టులో ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, తల నెరిసిన మనిషి, ఎక్కువ మాట్లాడడు. నా పుస్తకం తీసి పక్కన పెట్టుకుని, ట్రీట్‌మెంట్ సిస్టమ్ నుంచి లాగ్ ప్రింట్ అడిగాడు. సిస్టమ్ 24 నెలల డేటా దాచుకోవాలి, మీరు రాసిందంతా దాంట్లో ఉంటుంది, రాయనిది కూడా ఉంటుంది. అతను వేలు పెట్టి చూపించాడు: పుస్తకంలో నేను పంపు మొదలెట్టింది 14:10కి, మెషీన్ లాగ్‌లో అప్పటికి మెషీన్ ఆగి ఉంది. గుండె జారిపోయింది. తీరా చూస్తే నేను ఇండియా టైమ్ రాశాను, మెషీన్ గడియారం యూటీసీలో ఉంది, ఐదున్నర గంటల తేడా. అది తేలడానికి రెండు గంటలు పట్టింది, ఈలోపు అతను మిగతా ట్యాంకులన్నీ సౌండింగ్ (నీళ్ల లోతు కొలవడం) చేయించాడు, ఒక ట్యాంకులో 340 ఘనపు మీటర్ల తేడా దొరికింది. అది మాత్రం గడియారం తప్పు కాదు, సెకండ్ మేట్ గ్రావిటీతో నింపి నాకు చెప్పలేదు, నేను అడగలేదు. పుస్తకంలో సంతకం నాది.

అందుకే ప్రతి ఆపరేషన్ అయ్యాక సౌండింగ్ తీసి, మెషీన్ లాగ్ పక్కన పెట్టుకుని, అప్పుడే రాయండి. పేజీ మొదట్లో టైమ్ జోన్ రాయండి. తప్పు రాస్తే ఒక గీత కొట్టి సంతకం పెట్టండి, వైట్‌నర్ వాడితే అబద్ధం ఆడినట్టే చూస్తారు.

తొమ్మిదో పని: ఇన్‌స్పెక్టర్ ఓడెక్కినప్పుడు

ముందు సర్టిఫికెట్, రికార్డు బుక్, ప్లాన్ చూస్తాడు. అనుమానం వస్తే లోతుగా వెళ్తాడు, మెషీన్ నడిపి చూపించమంటాడు, బోసన్‌నో పంప్‌మన్‌నో పిలిచి 'ఈ అలారం వస్తే ఏం చేస్తావ్' అంటాడు. అప్పుడు మీరు మధ్యలో దూరి జవాబు చెప్పొద్దు. అందుకే నెలకోసారి క్రూతో అరగంట కూర్చోండి, హిందీలోనో తెలుగులోనో ఫిలిప్పీన్ వాళ్లుంటే ఇంగ్లీషులోనో. ఇంకా అనుమానం ఉంటే డిశ్చార్జ్ లైను మీద శాంపిల్ పాయింట్ నుంచి నీళ్లు తీసి అక్కడికక్కడే సూచనగా పరీక్షిస్తాడు, అందులో తేడా కనబడితే పూర్తి ల్యాబ్ పరీక్ష. ఆ శాంపిల్ వాల్వ్ పెయింట్‌తో బిగుసుకుపోయి ఉండడం చాలా ఓడల్లో మామూలు. నెలకోసారి తిప్పండి.

పదో పని: మెషీన్ చెడిపోతే

దాచొద్దు. మొదటి గంటలో కంపెనీకి, ఆ తర్వాత వాళ్ల ద్వారా ఫ్లాగ్ దేశానికి (ఓడ రిజిస్టరైన దేశం), సర్టిఫికెట్ ఇచ్చిన తనిఖీ సంస్థ క్లాస్‌కి, వెళ్లాల్సిన పోర్టుకి. పుస్తకంలో చెడిపోయిన ఎంట్రీ. ముందుగా చెప్పిన ఓడకి పోర్టు వాళ్లు దారి చూపిస్తారు: నడిసముద్రంలో మార్చి రమ్మనొచ్చు, నీళ్లు వదలకుండా తక్కువ సరుకు ఎక్కించుకోమనొచ్చు, ఉంటే ఒడ్డు మీది స్వీకరణ ట్యాంకుకి పంపమనొచ్చు. బెర్త్‌కి వచ్చాక చెప్పిన ఓడకి ఇవేవీ మిగలవు.

ఓడ దిగి సైన్ ఆఫ్ అయ్యేటప్పుడు మీ స్థానంలోకి వచ్చే రిలీవర్‌కి ఫోల్డర్ ఒకటి ఇచ్చి దండం పెట్టి దిగిపోకండి. ఒక పేజీ చేత్తో రాయండి: ఏ వాల్వ్ పూర్తిగా మూసుకోదు, ఏ ట్యాంకు సౌండింగ్ పైపు వంకర, ఏ ట్యాంకులో ఏ పోర్టు నీళ్లున్నాయి, రీఏజెంట్ ఎన్ని సీసాలు మిగిలాయి, మెషీన్ గడియారం ఏ టైమ్‌లో ఉంది. తర్వాత అతన్ని పంప్‌రూమ్‌కి తీసుకెళ్లి ఆ వాల్వ్ మీద అతని చెయ్యి పెట్టించి, అప్పుడు బ్యాగ్ సర్దుకోండి.